డ్రుసిల్లా కిటికీ

న్యూఫౌండ్లాండ్ తీరాన ఒక చేపల పల్లె. డిసెంబరు ఉదయం. రేవు చివరి ఇంటి వంటగదిలో సగం సర్దిన రెండు పెట్టెలు.

"మీరా ట్రిఫీ అత్తా! తలుపు తట్టారేంటి?"

"తట్టానా? ఏమో. చేతిలో రొట్టె ఉంది కదా, మోచెయ్యి తగిలిందేమో."

"మూడుసార్లు తగిలిందా?"

"గుమ్మంలో నిలబెట్టి విచారణ చేస్తావా ఐరిస్, లోపలికి రానిస్తావా? చలికి చెవులు ఊడి కింద పడేట్టున్నాయి."

"రండి, రండి. పెట్టె చూసుకుని, కాలు తగులుతుంది. మేమొచ్చిన మొదటివారం మీరేమన్నారో గుర్తుందా? 'ఈ ఊళ్ళో తలుపు తట్టేవాళ్ళు ఇద్దరే. పోలీసు, పాస్టరు. మిగతావాళ్ళం తోసుకుని వచ్చి పొయ్యి పక్కన కూర్చుంటాం' అన్నారు."

"అన్నాను."

"అప్పుడు నాకెంత చిరాకేసేదో. తల దువ్వుకుంటూ ఉంటే ఎవరో ఒకరు వచ్చి, పలకరింపైనా లేకుండా కెటిల్ ఎత్తి టీ పోసుకునేవారు. మా ఊరు హామిల్టన్‌లో అయితే సొంత చెల్లెలు కూడా అలా రాదు. గడియ పెట్టించమని మా ఆయన క్లిఫర్డ్‌తో పోట్లాడాను కూడా. ఇప్పుడు గడియ అక్కర్లేదు. అందరూ తడుతున్నారు. పాలు తెచ్చిన పిల్ల తట్టి, గుమ్మంలో పెట్టేసి, నేను తలుపు తీసేలోగా పరుగు."

"నా తలుపు ఒక్కసారే తట్టారు. మొన్న నవంబరులో."

"అత్తా, ఇప్పుడది..."

"మా మరిది గార్లండ్ ముప్పై ఏళ్ళుగా నా ఇంట్లోకి తోసుకుని వచ్చేవాడు. బూట్లమీద మంచు కూడా దులుపుకోడు వెధవ. ఆ సాయంత్రం తట్టాడు. చేతినిండా పిండి నాకు. ఆ చప్పుడు వినగానే తెలిసిపోయింది. తలుపు తియ్యకముందే మీ మామ లేడని తెలిసిపోయింది."

"కూర్చోండి. ముందు కూర్చోండి. టీ పోస్తాను."

"డబ్బాపాలు ఎక్కువ వెయ్యి. పసిదేదీ?"

"లోపల నిద్రపోతోంది. నిన్నంతా ఒకటే అల్లరి."

"దగ్గు?"

"పూర్తిగా పోయింది. ఆ బొంత కట్టిన నాలుగో రోజుకే..."

"ఊఁ."

"...తగ్గిపోయింది."

"చక్కెర చాలు. రొట్టెలో బెల్లం పాకం పోశాను, తియ్యగానే ఉంటుంది. స్టీమరు ఇవాళేనా?"

"మధ్యాహ్నానికి రావచ్చంటున్నారు."

"గాలి ఈశాన్యానికి తిరిగితే రాదు."

"తిరుగుతుందా?"

"తిరగదులే. క్లిఫర్డ్ ఏడీ?"

"బడి తాళం అప్పజెప్పడానికి వెళ్ళారు. తాళం ఎందుకో, పిల్లలే లేనప్పుడు. వచ్చినప్పుడు పద్ధెనిమిదిమంది. పోయిన శుక్రవారం నలుగురు. ఆ నలుగురిలో ఇద్దరు మొద్దుగా ఉన్నారని ఇంట్లో భరించలేక పంపారట."

"పద్ధెనిమిదిమందిలో తెలివైనవాళ్ళెవరున్నారు గనక? అంతా మా ఆడపడుచుల సంతానమే."

"నవ్వించకండి అత్తా. నవ్వితే ఏడుపొచ్చేట్టుంది."

"ఏడిస్తే ఏడు. మీ పెట్టెలు రేవుకి ఎవరు చేరుస్తారు?"

"గార్లండ్ గారే. గుర్రాన్ని, మంచుబండిని తీసుకొస్తానన్నారు."

"వాడా? వాడెందుకు ఒప్పుకున్నాడు?"

"మమ్మల్ని సాగనంపే పని కదా. అడిగితే ఊరంతా ఒప్పుకునేది."

"అలా అనకు."

"కొట్లో వాళ్ళు నా ఎదురుగానే అన్నారు. నేను ఉప్పు తూకం వేయించుకుంటున్నాను. 'డ్రుసిల్లా ముసలమ్మ యాభై ఏళ్ళు ఆ ఇంట్లో ఉంది. చలికి వేళ్ళు కొంకర్లు పోయాయి గానీ సముద్రం వైపు కిటికీకి గుడ్డపేలిక కట్టలేదు. ఈ బయటివాళ్ళు మూడు నెలల్లో కట్టేశారు' అని. నేనక్కడ లేనట్టే. బల్లమీద పిల్లి ఉన్నా దాన్ని అదిలించేవాళ్ళు."

"వాళ్ళకి బాధ."

"నాకు లేదా? సెల్బీ మామ నాకేమీ కాదా? నన్నెంత ఆటపట్టించేవారు! మొదటిసారి 'చేప కావాలా' అంటే నేను 'ఏ చేప' అని అడిగానని రేవంతా చెప్పుకుని నవ్వారు. 'చేపంటే కాడ్ ఒక్కటే తల్లీ, మిగతావాటికి పేర్లుంటాయి' అన్నారు. ఆ రోజు నీటిపిట్టల వేటకి వెళ్తూ కూడా ఈ గుమ్మం దగ్గర ఆగి, 'ఆదివారానికి నీకు రెండు పిట్టలు, ఈకలు పీకడం మాత్రం నీ పనే' అన్నారు."

"అన్నాడా? నాతో చెప్పలేదు."

"నాకెవరూ చెప్పలేదు అత్తా. ఇంట్లో దిగిన రోజు ఊరంతా వచ్చారు. నీళ్ళ బావి చూపించారు. చలి ఆగడానికి గోడల చుట్టూ కొమ్మలు ఎలా పేర్చాలో, పొయ్యి ఎలా ఆరకుండా చూసుకోవాలో, అన్నీ చెప్పారు. ఈ వంటింటి దీపం చూసుకుని పడవలు లోపలికొస్తాయని ఒక్కరంటే ఒక్కరు చెప్పలేదు."

"అందరికీ తెలిసిన సంగతి ఎవరు ఎవరికి చెప్తారు? నీళ్ళు తడిగా ఉంటాయని చెప్తామా?"

"అదే తెలియలేదు నాకు."

"సముద్రం మీంచి వస్తుంటే మీ దీపం చర్చి దీపానికి సరిగ్గా కిందికి రావాలి. వచ్చేదాకా ఆగి, అప్పుడు తిప్పాలి చుక్కాని. ముందే తిప్పితే 'ముసలమ్మ పన్ను' మీదికి."

"ఆ బండ."

"పోటు మీద కనిపించదు, నీళ్ళలో మునిగుంటుంది. చిన్నపిల్లలకి కూడా తెలుసు. ఆ వారంలో పొద్దుపోయాక వచ్చిన పడవ మీ మామదొక్కటే. ఆ సాయంత్రం మంచు పడుతోంది. మీ దీపం కనిపించలేదు, కొట్టు దీపం కనిపించింది. అదే డ్రుసిల్లా దీపమనుకుని తిప్పాడు. అరవై రెండేళ్ళవాడు. కళ్ళు మూసుకుని వస్తానని గొప్పలు చెప్పుకునేవాడు."

"టీ చల్లారిపోతోంది అత్తా."

"ఐరిస్."

"ఊఁ."

"అదెక్కడుంది?"

"ఏది?"

"తెలియనట్టు అడక్కు."

"పెద్దపెట్టె అడుగున."

"ఎవరైనా చూశారా?"

"లేదు. ఆ రోజు మగవాళ్ళు రేవులోంచి 'దీపం, దీపం' అని అరిచారు. నాకు ఏమీ అర్థం కాలేదు గానీ, లాగేశాను. మేకులు చేతిలోకి ఊడొచ్చాయి. చుట్టి పెట్టెలో కుక్కేశాను. గుడ్డేదో కట్టామని తెలుసు వాళ్ళకి. ఏ గుడ్డో తెలియదు."

"క్లిఫర్డ్‌కి?"

"నేనే కుట్టుకున్నానని చెప్పాను."

"నీకు సూదిలో దారం ఎక్కించడం రాదు కదే!"

"ఆయనకది తెలియదు. బొంతలు చెట్లకి కాస్తాయనుకుంటారు మగవాళ్ళు."

"మీ మామా అంతే. దుప్పటి కింద చలేస్తే పొయ్యిని తిట్టేవాడు... చూడు, నవ్వాను. ఐదు వారాల తర్వాత నవ్వాను, అదీ ఈ ఇంట్లో."

"ఇంకొంచెం టీ?"

"వద్దు. ఎందుకు చెప్పలేదు నువ్వు?"

"ఎవరికి?"

"ఎవరికైనా! 'ట్రిఫీ అత్త కుట్టి తెచ్చింది, ఆవిడే కట్టింది' అని ఒక్క మాటంటే చాలు. నీ పాలు లోపలికొచ్చేవి. పిల్లలు బడికొచ్చేవాళ్ళు."

"ఎప్పుడు చెప్పను? మీరు ఆయన శవపేటిక పక్కన నిలబడ్డప్పుడా? అయినా చెప్తే ఏమయ్యేది? మేము హామిల్టన్ పోతాం. అక్కడ మమ్మల్ని తిట్టేవాళ్ళు లేరు, పట్టించుకునేవాళ్ళూ లేరు. మీరెక్కడికి పోతారు? ఆ ఇల్లు, ఆ రేవు, ఆయన తమ్ముళ్ళు, వాళ్ళ పెళ్ళాలు. మీకు ఇంకో ఊరుందా?"

"లేదు."

"మరి?"

"నేనిప్పుడెందుకొచ్చానో తెలుసా నీకు?"

"రొట్టె ఇవ్వడానికి."

"రొట్టె! ఆ బొంత నీతోపాటు స్టీమరెక్కుతుందా లేదా చూసుకుందామని వచ్చాను. అదీ నా సంగతి. దారంతా అదే అనుకుంటూ వచ్చాను. ఇక్కడ వదిలేసి పోతుందేమో, ఎవరి చేతిలోనైనా పడుతుందేమో అని."

"తెలుసు."

"తెలుసా?"

"మీరు తట్టారు కదా. అప్పుడే తెలిసింది."

"వాళ్ళంతా నా వంటింట్లో కూర్చుని నిన్ను తిడుతుంటే టీలు పోశానే నేను. గార్లండ్ పెళ్ళాం 'ఆ బయటిది, ఆ బయటిది' అంటుంటే తల ఊపాను. ఒక్క రోజు కాదు, ఐదు వారాలు."

"నాకు కోపం లేదనుకోకండి. ఉంది. చాలా ఉంది. రోజూ ఎదురుచూశాను మీకోసం. ఏమీ చెప్పక్కర్లేదు, వచ్చి తలుపు తోసుకుని పొయ్యి పక్కన కూర్చుంటే చాలనుకున్నాను. అడుగుల చప్పుడు అయినప్పుడల్లా మీరేననుకున్నాను."

"అంత కోపముండి కూడా దాచావా?"

"పసిది దగ్గి దగ్గి నీలంగా మారిపోతుంటే పది రోజులు రాత్రీ పగలూ కుట్టారు. అది కూడా మర్చిపొమ్మంటారా?"

"అలాంటి కిటికీ పక్కనే పోయింది మా చిన్నది. ఏడు నెలల పిల్ల. అప్పటినుంచీ కిటికీ అంటే నాకు గాలి వచ్చే కంత, అంతే. అందులోంచి వెలుతురు పోతుందన్న ధ్యాసే లేదు. నలభై ఏళ్ళు పడవవాడితో కాపురం చేసి, ఆ దీపం కోసం రోజూ చూసి... కొలతకి తాడు పట్టుకున్నప్పుడు కూడా గుర్తు రాలేదే ఐరిస్. ఒక్కసారి కూడా."

"ఏడవకండి. అదిగో, వచ్చారు."

"తట్టాడు."

"కళ్ళు తుడుచుకోండి అత్తా. ఏమీ మాట్లాడకండి. ఇంకొక గంట, అంతే... రండి గార్లండ్ గారూ, తలుపు తీసే ఉంది."

"గుర్రం నిలబడట్లేదు. ఏవి పెట్టెలు? వదినా! నువ్విక్కడేం చేస్తున్నావు?"

"రొట్టె ఇద్దామని వచ్చా."

"వీళ్ళకా? నీది ఎంత పెద్ద మనసు వదినా! నాకు ఈ గడపలో కాలు పెట్టాలంటేనే కంపరంగా ఉంది."

"బూట్ల మంచు దులుపుకో."

"పెట్టెలు రెండేనా, అమ్మా?"

"రెండే. పెద్దదానికి గొళ్ళెం సరిగ్గా పడదు. తాడుతో కట్టాలి, ఉండండి, తెస్తాను... అయ్యో, అలా ఎత్తకండి!"

"మూత ఊడిందేంటిది! బట్టలన్నీ కింద పడ్డాయి... అడుగున ఇదేంటి? దీనికి మేకుల కంతలున్నాయి. ఇదేనా? కిటికీకి కట్టింది ఇదేనా?"

"అవును."

"దీన్ని కూడా తీసుకుపోతున్నారా? గుర్తుగా ఉంటుందనా?"

"గార్లండ్."

"నువ్వుండు వదినా. ఇది ఊరు దాటదు. పొయ్యిలో పెడతాను. నా చేత్తో పెడతాను."

"పెట్టెయ్యండి. నేనే కట్టాను, తప్పు నాదే. ఇదిగో, పొయ్యి మూత తీశాను. వెయ్యండి."

"ఐరిస్, ఆగు."

"అత్తా, వద్దు. దయచేసి మాట్లాడకండి. వెయ్యండి గార్లండ్ గారూ!"

"మూత వేసెయ్ పిల్లా. గార్లండ్, దాన్ని విప్పి ఆ కిటికీ దగ్గర వెలుతురులో పట్టుకో."

"ఎందుకు?"

"పట్టుకో అంటే పట్టుకో. ఎడమవైపు మూలనుంచి మూడో ముక్క. నీలం చారలది."

"ఆఁ, ఉంది. అయితే?"

"నీ పెళ్ళికి మీ అన్న ఏం వేసుకున్నాడు?"

"ఇప్పుడదెందుకు వదినా?"

"పెళ్ళి బల్ల దగ్గర అతనిమీద టీ ఒలకబోసింది నువ్వే. ఎంత ఉతికినా ఆ మరక పోలేదు. చూడు, ఉందా?"

"ఉంది... ఇది అన్న చొక్కా. ఇదీ అన్నదే, ఈ బూడిదరంగుది, పడవమీద వేసుకునే కోటు. దీని జేబు నేను చింపాను. వదినా, వీళ్ళకి అన్న బట్టలెలా వచ్చాయి? ఎవరిచ్చారు? ఈమె అడిగిందా?"

"ఈ పిల్లనేమీ అనకు. ముక్కలు కత్తిరించింది నేను, కుట్టింది నేను, కొలత తీసి మేకులు కొట్టింది నేను. అవతలి ఒడ్డున నా వంటింట్లో పిండి పిసుకుతూ ఆ సాయంత్రం ఇటే చూశాను. కిటికీ ఉన్నచోట చిమ్మచీకటి. ఒక్క చుక్క వెలుతురు బయటికి రావట్లేదు. ఎంత బాగా కుట్టానో అని మురిసిపోయాను గార్లండ్."