మూడో జత బల్బులు

షెడ్డులో స్కూలు వ్యాను బానెట్ ఎత్తి ఉంది. డ్రైవరు మెకానిక్కు మీద మండిపడుతున్నాడు.

"ఏం బల్బులు వేశావురా బామ్మర్దీ? నాలుగు నెలలకే మాడిపోయాయి!"

"వెలుగు ఎక్కువిచ్చేవి తొందరగా పోతాయని మొత్తుకున్నా కదా బావా? పాతవి రెండేళ్ళొచ్చాయి. ఏడాదిలో ఇది మూడో జత!"

"పాతవాటితో రోడ్డు కనబడి చావదురా! తెల్లారకముందే పిల్లల్ని ఎక్కించుకోవాలి నేను. ఈసారి ఇంకా వెలుగొచ్చేవి వెయ్యి."

"మాడకముందు నేనూ నడిపాగా. రోడ్డు మీద గులకరాయి కూడా కనబడింది."

"నాకు మసగ్గా ఉందంటుంటే!"

"సరే, ఇప్పుడు పట్టపగలే కదా. ఎదుటి గోడ మీద అంతంత అక్షరాలతో ఏం రాసుందో చదువు."

"గోడ మీద ఏమీ రాయలేదుగా?"

"తాళాలిటివ్వు బావా. రేపట్నుంచి పిల్లల్ని నేను దింపుతా."