ఎర్రనీళ్ల సీసా

పక్కింటి వంటగది కిటికీ తెరిచే ఉంది. గిన్నెల చప్పుడు మధ్య మొగుడూ పెళ్లాల మాటలు వినిపిస్తున్నాయి.

“ఏమండీ, ఫ్రిజ్‌లో బేరిపండ్ల తీపి ఊరగాయ సీసా ఏదీ?”

“ముక్కలెప్పుడో అయిపోయాయి. అడుగున ఎర్రనీళ్లుంటే సింకులో పారబోసి, సీసా తోమిపెట్టాను. ఇంట్లో పనేం చెయ్యనంటావుగా!”

“ఎంత పనిమంతులండీ! మొన్న మీ అక్కయ్యగారు మూడు గ్లాసులు తాగిన షర్బత్ ఎలా ఉంది?”

“అమృతం! నేనూ రెండు తాగానుగా.”

“నిన్న కాల్చిన గుమ్మడిముక్కల మీద తియ్యటి పూత?”

“వేళ్లు నాక్కున్నాను. ఇప్పుడవన్నీ ఎందుకు?”

“లవంగాలూ దాల్చినచెక్కా వేసి కాచిన ఊరగాయ పాకమండీ అది. సోడా కలిపితే షర్బత్, ఇంకాస్త మరిగిస్తే పూత. మీ భాషలో ఎర్రనీళ్లు.”

“ముందే చెప్పొచ్చుగా!”

“చెబితే ‘ఊరగాయ కడుగు నాకు పోస్తావా’ అని మొహం చిట్లించేవారు.”

“సర్లే, పోయిందేదో పోయింది. మళ్లీ పెడుదువుగానీ.”

“పెడతాను. ఊరడానికి నెల పడుతుంది. సాయంత్రం మీ అక్కయ్యగారు కాబోయే వియ్యాలవారిని వెంటేసుకొస్తున్నారు. ‘మా మరదలి చేతి షర్బత్ తాగిస్తాను’ అని వాళ్లకి గొప్పగా చెప్పారట.”

“కొంప మునిగింది! ఇప్పుడేం చేద్దాం?”

“దానికేముంది? ట్రేలో ఆ ఖాళీ సీసా పెట్టుకెళ్లండి. ఎంత తళతళలాడేలా తోమారో వాళ్లూ చూస్తారు.”