గడ్డి కుక్కిన దూడ

హలో… ఆ, నేనే, అక్కను. నాకు భయమైతాంది తమ్మీ. నా బిడ్డ ఆ దూడ కడుపు చూస్తది… అదొక్కటే భయం.

లే, తేజు ఇంట్ల లేదు. వాళ్ళ తాత తోల్కపోతాండు. వర్ధన్నపేటల పదింటి బస్సెక్కిండ్రు. నీ బొమ్మల ఎగ్జిబిషన్‌కే.

ఎట్లంటే… నువ్వు ఫోన్ల పెట్టిన ఫొటో చూసింది. దాంట్ల దూడ మొకం ఒక్కటే ఉన్నది కద. నొసటి మీద తెల్లమచ్చ చూసి "అమ్మా, మన చుక్క" అన్నది. తాతను పీక్కతిన్నది, పోదాం పోదామని.

ఆ గడ్డి దూడను బొందవెట్టిన్నని చెప్పినవ్ సుదర్శన్. చెలక గట్టు మీద, జాగ సుత చూపెట్టినవ్. నీ మాటే నేను పిల్లకు చెప్పిన. రోజు పొద్దుగాల గ్లాసెడు నీళ్ళు పోసొస్తాంది అక్కడ… ఉత్త మట్టికి.

ఆ… కడుపు సంగతి వాళ్ళు పోయినంక తెలిసింది. పక్కింటి శ్రీలత వీడియో చూపెట్టింది. దాని కడుపు కోసి, లోపల పాల ప్యాకెట్లు ఏలాడదీసినవ్…

ఏంది? మేం చేసింది సుత గదేనా?

…ఔ, చేసినం. దూడ సచ్చినంక తోలుల గడ్డి కుక్కి బర్రె ముంగట నిలవెట్టింది తాతనే. దూడ కనవడకుంటే బర్రె పాలియ్యది, అందుకే. పిండినప్పుడల్లా నాకు పానం గుంజేది. కానీ బర్రె దాన్ని నాలుకతోని నాకేది, కండ్లు మూసుకొని. నీ కాడ ఎవలు నాకుతాండ్రు దాన్ని?

…లోకాన్ని ప్రశ్న అడుగుతాన్నవా? అడుగు. మంచిదే. ముందు నన్ను అడిగితే ఇద్దునేమో. "నువ్వు చూడలేవక్కా, నేను బొందవెడత" అంటివి. కండ్లల్ల నీళ్ళు సుత తెచ్చుకుంటివి.

కింద బోర్డు మీద ఏం రాసినవ్? … చెప్పు. ఏడో తరగతి దాకనే సదివినా తెలుగు సమజైతది నాకు. "మా అక్క ఇంట్లో ఒక తల్లిని ఇట్లా మోసం చేశారు." … మోసం చేసింది నేనొక్కదాన్నేనా తమ్మీ?

సరే, తర్వాత మాట్లాడుదాం. ముందు దాని మీద ఒక దుప్పటి కప్పు.

ఎగ్జిబిషనోళ్ళు ముట్టొద్దంటరా? … నువ్వు చేసిన బొమ్మను నువ్వు ముట్టొద్దా?

ఇను. తాతకు ఫోన్ లేదు. పిల్ల చేతిల పచ్చగడ్డి కట్ట ఉన్నది, చుక్కకు తినవెడతనని కోసుకపోయింది. హన్మకొండల బస్సు దిగే యాళ్ళయింది… ఎర్ర గౌను ఏసుకున్నది. బొమ్మ ఉన్న అర్రలకు రానీయకు. బయటనే ఆపు, ఏమన్నా చెప్పు… లే, అబద్ధం చెప్పకు. ఊకె ఎత్తుకో.

నేను ఫోన్ పెడతాన్న. జర గేటుకాడికి పోయి నా బిడ్డను చూడు.