ఓడ బాబాయి మోసుకొచ్చిన భాష

ఓడ బాబాయి ఎప్పుడూ ఉల్లిపాయలతోనే మొదలుపెడతాడు.

"పెద్ద గొప్పేం కాదు తల్లీ," అన్నాడు ఆ మధ్యాహ్నం కూడా, టీ బడ్డీ ముందు బల్ల మీద కాలు మీద కాలేసుకుని. "ఏదో ఉల్లిపాయలు కొనుక్కునేంత భాష వచ్చు. అంతే."

"ఆ భాషే కావాలి బాబాయ్," అంది కాజాలక్క ఆత్రంగా.

చొక్కాలకి కాజాలు కుట్టడంలో ఆవిడంత చెయ్యి తిరిగినవాళ్ళు ఆ చుట్టుపక్కల లేరు. అందుకే కుట్టు దుకాణంలో అందరికీ ఆవిడ కాజాలక్క. ఇప్పుడు టీ కోసం రాలేదు. ముప్ఫై ఏళ్ళు ఓడల్లో వంట చేసి వచ్చిన మనిషికి పరాయి భాషలు తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తాయని, పదిహేను నిమిషాల విరామంలో ఒక్క మాట నేర్చుకుపోదామని పరిగెత్తుకొచ్చింది.

ఆవిడ గబగబా చెప్పుకొచ్చిన సంగతేమిటంటే, దుకాణానికి ముప్ఫై చొక్కాల పని వచ్చింది. వాటికి చేతులు కత్తిరించడం ఆవిడ వంతు. గుడ్డ మడతేసి కత్తిరిస్తే జతకి ఒకటి కుడిదీ ఒకటి ఎడమదీ వస్తాయి. ఆ రోజు ఏ పరధ్యానంలో ఉందో, మడతేయడం మరిచిపోయి గుడ్డనంతా ఒకే వైపు పైకి వచ్చేలా పరిచి కత్తిరించేసింది. అరవై చేతులు. అరవయ్యీ ఎడమవే! వాటిని అతికించే పని కొత్తగా చేరిన పిల్లది. సముద్రం అవతల నుంచి వచ్చిన పిల్ల, ఇక్కడి మాట ఒక్కటీ రాదు. కత్తిరించిన చొక్కా చేతులు రెండు పట్టుకుని ఏదో చెప్పబోయింది కూడా. ఎవరికి అర్థమవుతుంది? దుకాణం మాస్టరు "కానీ, కానీ" అని తొందరపెట్టాడు. ఇవాళ చొక్కా ఒకటి తొడిగి చూస్తే కుడి చెయ్యి వెనక్కి మెలిపడి వచ్చింది. "ఈ పిల్లకి కుట్టడం రాదు, రేపట్నుంచి రావద్దు" అని మాస్టరు చేత్తో సైగ చేసి మరీ చెప్పాడు. పక్క మిషను ముందు కూర్చున్న కాజాలక్క నోరు మెదపలేదు.

అదీ ఆవిడ గొంతులో అడ్డం పడ్డ ముల్లు.

"బాబాయ్, 'తప్పు నాది, నీది కాదు' అని ఆ దేశపు భాషలో ఎలా అంటారు? ఆ పిల్ల సాయంత్రం వెళ్ళిపోతుంది."

"ఓస్, ఇంతేనా! చెప్తా, చెప్తా. ముందు ఆ భాష నాకెలా వచ్చిందో వినాలి కదా!"

బల్ల చివర తాళాలు బాగుచేసే ఆయన ఆకురాయి పక్కన పెట్టి సర్దుకు కూర్చున్నాడు. బడ్డీ లోపల పిన్ని, అంటే బాబాయి భార్యే, ఏమీ వినబడనట్టు టీ వడకట్టుకుంటోంది.

"పొద్దున్న ఆరింటికి రేవులో దిగాను. బుట్టెడు ఉల్లిపాయలు కావాలి. అమ్మేవాడు నా మొహం చూసి ఒక మాటన్నాడు. నేనూ అదే మాట అన్నాను. వాడు రెండన్నాడు, నేను రెండన్నాను. అలా అలా బుట్ట నిండేసరికి వాడికి తెలిసిన మాటలన్నీ అయిపోయాయి. ఇంకేం చెప్పను బాబూ అని వాడు చేతులెత్తేశాడు."

"ఒక్క పూటలోనా?" అన్నాడు తాళాలాయన.

"పూటెందుకయ్యా, టిఫిను వేళకి! మధ్యాహ్నానికి నేను మాట్లాడుతుంటే జనం గుమిగూడారు. ఎందుకో తెలుసా? అంత శుభ్రమైన ఉచ్చారణ వాళ్ళు ఎన్నడూ వినలేదు. తల్లులు చంటిపిల్లల్ని తెచ్చి నా ఒళ్ళో వేశారు, మొదటి మాట మీ నోటి నుంచే వినాలి అని."

"బాబాయ్, నా మాట..." అంది కాజాలక్క.

"వస్తున్నా తల్లీ, దారిలోనే ఉంది నీ మాట. ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఆ ఊళ్ళో ఒక ముసలాయన. వాళ్ళ తాతల నాటి నుంచీ ఒక మాట పోగొట్టుకుని వెతుక్కుంటున్నారట. ఆకాశం మబ్బుపట్టి, వాన మాత్రం రాకుండా ఉంటుంది చూడు, దానికో మాట ఉండేదట. మూడొందల ఏళ్ళ కిందట జారిపోయింది. ఆ మాట లేక పాపం, అలాంటి రోజున అందరూ ఇళ్ళలోంచి బయటికే వచ్చేవారు కాదు. నేనలా పైకి చూశాను. టక్కున చెప్పాను!"

"వాళ్ళకే తెలియని మాట నీకెలా తెలిసింది పెద్దాయనా?" అన్నాడు తాళాలాయన.

"భాష ఒంటికి పట్టాక అడగాలిటయ్యా? అదే వస్తుంది, చెమట పట్టినట్టు!"

కాజాలక్కకి ఒక్క క్షణం తన తొందర మరుపున పడింది. మూడొందల ఏళ్ళు పోయిన మాట ఎలా ఉంటుందో, దుమ్ము పట్టి ఉంటుందా అని నోరు తెరుచుకు చూసింది. అంతలో దుకాణం గోడగడియారం కళ్ళ ముందు మెదిలి ఉలిక్కిపడింది.

"ఓడ బయల్దేరింది," అన్నాడు బాబాయి, ఇప్పుడు లేచి నిలబడి. "రెండు మైళ్ళు వచ్చామో లేదో వెనక నలభై పడవలు! జనం చేతులూపుతున్నారు, నోళ్ళు తెరుస్తున్నారు, చప్పుడు లేదు. ఏమిటా అని చూస్తే, వాళ్ళ భాష మొత్తం నాతో వచ్చేసింది! ఊరు ఊరంతా మూగపోయింది. మార్కెట్లో బేరం లేదు, బళ్ళో పాఠం లేదు, అత్తాకోడళ్ళ మధ్య గొడవ లేదు. కప్తాను నా కాళ్ళ మీద పడ్డాడు. సరేలెమ్మని ఉల్లిపాయల బుట్టకి తాడు కట్టి, బుట్టలో మొహం పెట్టి మాటలు నింపి, కిందకి దించాను. బుట్ట తర్వాత బుట్ట. మూడు రోజులు పట్టింది. మాటల బరువుకి అటువైపు ఓడ ఒరిగిపోతే, ఇటువైపు నావికులందర్నీ నిలబెట్టాం! తిమింగలాలు పడవల చుట్టూ చేరి, కిందపడ్డ మాటలు ఏరుకు తిన్నాయి. ఇప్పటికీ ఆ సముద్రంలో తిమింగలాన్ని పలకరిస్తే..."

"బాబాయ్!" కాజాలక్క ఆయన చొక్కా పట్టుకుంది. "అన్ని బుట్టల మాటల్లో నాదొక్కటి ఇవ్వు. తప్పు నాది, నీది కాదు. ఏమనాలి?"

బాబాయి గొంతు సవరించుకున్నాడు.

"అదా... ఆ మాట వాళ్ళ భాషలో లేదమ్మా. వాళ్ళసలు తప్పులే చెయ్యరు."

లోపల గిన్నె చప్పుడు ఆగింది. పిన్ని కొంగుతో చేతులు తుడుచుకుంటూ బయటికొచ్చింది.

"నలభై రెండేళ్ళయింది నేను కాపురానికొచ్చి," అంది. "ఆ మాట మీ నోట మన భాషలోనే వినలేదు. పాపం ఆ పిల్లకి పరాయి భాషలో ఎక్కణ్ణుంచి తెచ్చిస్తారండీ?"

తాళాలాయన నవ్వి నవ్వి బల్ల మీంచి జారబోయాడు. బాబాయి మెల్లగా కూర్చున్నాడు. చిన్నబుచ్చుకున్న ఆ మొహం చూస్తే కాజాలక్కకే జాలేసింది. ఆయన మాత్రం, ఎలాగోలా మాట మార్చాలి కదా, "అది సరే తల్లీ," అన్నాడు, "ఇంతకీ ఆ పిల్లని రావద్దన్న మీ మాస్టరుకి ఏ భాష వచ్చు?"

ఊరికే అడిగాడు. కానీ కాజాలక్క ఉన్నచోటే నిలబడిపోయింది.

మాస్టరుకి వచ్చేది ఆవిడ భాషే. పుట్టినప్పటి నుంచీ ఆవిడ మాట్లాడుతున్న భాషే. పొద్దున్నుంచి సముద్రాలు దాటి వెతుకుతున్న మాట, నాలుగడుగుల దూరంలో కత్తెర పట్టుకున్న మనిషికి చెప్పాల్సిన మాట.

"వస్తా పిన్నీ," అంది.

"టీ తాగి పోవే!"

"చెప్పి వచ్చాక తాగుతా."

దుకాణంలో కొత్త పిల్ల తన సంచీ సర్దుకుంటోంది. కాజాలక్క తిన్నగా మాస్టరు బల్ల దగ్గరికెళ్ళి, మళ్ళీ ధైర్యం చాలదేమోనని ఊపిరి తీసుకోకుండా చెప్పేసింది. మడత వెయ్యలేదని, అరవయ్యీ ఎడమవేనని, పొద్దున తెలిసీ నోరు మూసుకున్నానని.

మాస్టరు కుట్టు విప్పిన చొక్కా చేతులు రెండు తీసి ఒకదాని మీద ఒకటి పరిచాడు. అంచుకి అంచు కలిసిపోయాయి. ఆయన వాటిని చూపిస్తూ, "ముప్ఫై మందికి కుడి చెయ్యి లేకుండా చేశావు కదమ్మా," అన్నాడు. తర్వాత కొత్త పిల్ల సంచీ తీసుకెళ్ళి మళ్ళీ కొక్కేనికి తగిలించి, కుర్చీ చూపించాడు.

ఆ పిల్ల కుర్చీ వైపు చూసింది, పరిచిన చేతుల వైపు చూసింది, తల వంచుకున్న కాజాలక్క వైపు చూసింది. అర్థమైపోయింది. అంతే, కుట్టు విప్పిన ఒక చొక్కా చెయ్యి తీసి కాజాలక్క ముఖం ముందు ఆడిస్తూ మొదలుపెట్టింది! ఏం ధాటి, ఏం జోరు! అన్నాళ్ళూ నోట్లో దాచుకున్నదంతా ఒక్కసారి దొర్లుకొచ్చింది.

కాజాలక్క స్టూలు లాక్కుని ఎదురుగా కూర్చుని, చివరిదాకా విన్నది. ఒక్క మాటా అర్థం కాలేదు. ఒక్క మాటా కాదనబుద్ధి కాలేదు.