తాళం వేసిన పేజీ

కంపెనీ రెండో అంతస్తులో చిన్న శిక్షణ గది. ఉద్యోగులందరూ కాగితాలు, ఫోటోలు దాచుకునే కంపెనీ పోర్టల్‌ను ఇకమీదట చూసుకోబోయే ఇద్దరికి, ఇన్నాళ్ళూ దాన్ని చూసుకున్న ఆమె పని నేర్పుతోంది. ఒకరు కింద రిసెప్షన్‌లో కూర్చునే అమ్మాయి. ఇంకొకరు ఊరి చివరి గోదాము నుంచి వచ్చిన స్టోర్‌కీపర్. అతను పొద్దుటి నుంచి తెర వైపే చూస్తున్నాడు తప్ప నేర్పుతున్న మనిషి మొహం వైపు ఒక్కసారీ చూడలేదు.

“అదేంటమ్మాయ్, జీతాల ఫోల్డర్‌కి ‘అందరూ’ అని పెట్టావు? కంపెనీ మొత్తం డైరెక్టరు గారి జీతం చూసి గుండె పట్టుకుంటారు.”

“అకౌంట్స్ ఆయన ఫోన్ చేసి నాకూ ఇవ్వమ్మా అన్నాడు మేడం. ఒక్కడికే ఇస్తే మిగతావాళ్ళు ఏమనుకుంటారోనని అందరికీ ఇచ్చేశా. నాకు మొహమాటం ఎక్కువ.”

“తీసెయ్ ముందు. అడ్మిన్‌కి మొహమాటం పనికిరాదు. ఇంటికొచ్చిన ప్రతివాడి చేతిలోనూ బీరువా తాళాలు పెడతామా? మళ్ళీ చెబుతున్నా, ఇద్దరూ వినండి. ప్రతి పేజీకీ, ప్రతి ఫోల్డర్‌కీ మూడు రకాల మనుషులుంటారు. చుట్టంచూపుగా వచ్చేవాళ్ళు, చూసి పోతారు, దేన్నీ ముట్టుకోరు. అద్దెకున్నవాళ్ళు, సామాన్లు అటూ ఇటూ జరుపుకుంటారు గానీ గోడ పడగొట్టలేరు. ఇక ఇంటివాళ్ళు.”

“ఇంటివాళ్ళంటే ఓనర్లు. వాళ్ళు పడగొట్టుకోవచ్చు. నాకు అర్థమైపోయింది. అన్నయ్యా, మీకు?”

“ఆఁ.”

“ఈ అన్నయ్య పొద్దుటి నుంచీ ఆఁ తప్ప ఇంకో అక్షరం పలకలేదు మేడం. గోదాములో బస్తాలతో కాపురం చేసీ చేసీ ఇలా అయిపోయినట్టున్నారు. నన్నయితే ఆఫీసంతా రేడియో అంటారు.”

“తెలుస్తూనే ఉంది. స్టోర్‌కీపర్ గారూ, మీరు చెప్పండి. ఎవరో ఉద్యోగం మానేశారు. అడ్మిన్‌గా మీరు ముందు చేయాల్సిన పనేంటి?”

“వాళ్ళ అకౌంటు మూసెయ్యాలి.”

“కాదు. తొందరపడి మూస్తే వాళ్ళ పేరు మీదున్న పేజీలన్నీ దిక్కులేనివైపోతాయి. ముందు వాటిని నమ్మకమైనవాళ్ళకి అప్పగించాలి. మూయడం ఆఖరున.”

“చెప్పాపెట్టకుండా వెళ్ళిపోతే మేడం? మా చెల్లెలి ఆఫీసులో ఒకాయన టీ తాగొస్తానని వెళ్ళి మళ్ళీ మొహం చూపించలేదు.”

“అలాంటివాళ్ళూ ఉంటారు. అప్పుడు ఉన్నవాళ్ళే ఏదో సర్దుకోవాలి.”

“మళ్ళీ వస్తే?”

“అబ్బ, అడక్కుండానే అన్నయ్య నోరు తెరిచారు.”

“అడగాల్సిందే అడిగారు. మళ్ళీ వస్తే కొత్తగా చేరినట్టే లెక్క, స్టోర్‌కీపర్ గారూ. పాతవేవీ వాటంతటవి తెరుచుకోవు.”

“ఎవరైనా తెరిస్తే తెరుచుకుంటాయి కదా.”

“తెరిచేవాళ్ళు ఉండాలి కదా. సరే, ఇది చూడండి. ఒక ఫైలుని ఎన్నిసార్లు మార్చినా పాత కాపీలన్నీ లోపల ఉంటాయి. ఇక్కడ నొక్కితే వెనక్కి వెళ్ళొచ్చు.”

“ఎంత వెనక్కి?”

“మొదట పెట్టిన రోజు వరకూ.”

“మంచి ఏర్పాటే.”

“కాగితాలకే లెండి ఆ ఏర్పాటు. ఇప్పుడు మీ ఇద్దరికీ అడ్మిన్ హక్కులిచ్చాను. పైన ఏదైనా వెతికి చూడండి. ఇదివరకు మీకు కనపడనివి కూడా కనిపిస్తాయి. చూడండి గానీ తెరవకండి.”

“చూడు గానీ తెరవకు అంటే నాలాంటిదానికి నరకం మేడం. వార్షికోత్సవం అని కొడతా. నేను చేరకముందు బ్రహ్మాండంగా జరిగిందంటగా. ఇదిగో, ఆటల పోటీలు, నాటకం, భోజనాలు... ఇదేంటి, పిల్లల కార్యక్రమం వీడియో? దీనికి తాళం బొమ్మ ఉందేంటి?”

“దాన్ని వదిలెయ్.”

“చూసే హక్కు ఒక్కరికే ఉంది. మీకే మేడం. ఇవాళ పొద్దున కూడా చూశారు. నిన్న కూడా...”

“వదిలెయ్యమన్నాను కదమ్మా.”

“అదికాదు మేడం, పిల్లల ఆటాపాటా కదా, అందరికీ పెడితే తల్లిదండ్రులు మురిసిపోతారని. అవునూ, మీకు పిల్లలా మేడం?”

“ఒక పాప.”

“మీకో అన్నయ్యా?”

“లేరు.”

“నీ ఫోన్ మోగుతోందమ్మాయ్, చూసుకో.”

“కింద నుంచే. నేను లేకపోతే ఆ బల్ల కుక్కలు చింపిన విస్తరే. ఏదో సామాను దిగిందంట, సంతకం పెట్టాలంట. చిటికెలో వస్తా. నేను లేకుండా కొత్తవి చెప్పెయ్యకండి మేడం.”

రిసెప్షన్ అమ్మాయి వెళ్ళిపోయింది. తలుపు దానంతటదే మెల్లగా మూసుకుంది.

“లేరు అన్నావు.”

“ఇంకేమనాలి? ఉందంటే ఏం చదువుతోంది అని అడుగుతుంది. ఉండేదంటే అయ్యో అంటుంది. లేరంటే అక్కడితో అయిపోతుంది.”

“నీకు అయిపోయిందేమో.”

“నువ్వు ఒక పాప అన్నావు. ఆ మాట వినేసరికి... సరేలే.”

“వినేసరికి?”

“ఏం లేదు. ఆ పేజీ తెరువు.”

“ఇది ట్రైనింగ్.”

“నేను దేనికొచ్చాననుకున్నావు? ఆ వీడియో చూడనివ్వమని ఎన్నిసార్లు రిక్వెస్టు పెట్టాను? పెట్టినప్పుడల్లా మీకు అనుమతి లేదు, మీకు అనుమతి లేదు. నా ఫోన్ పాడైనప్పుడు పాప గొంతు కూడా దాంతోపాటే పోయింది. ఫోటోలున్నాయి. గొంతు లేదు. పాప మాట్లాడేది లోకం మొత్తం మీద ఆ ఒక్క చోటే. దానికి నువ్వు తాళం వేసుకున్నావు.”

“రిక్వెస్టులో నీ పేరు చూస్తే నాకు చెయ్యి ఆడేది కాదు.”

“ఇవ్వనని ఒక్క ముక్క రాయొచ్చు కదా.”

“నువ్వు రాశావా? ఇల్లు వదిలి వెళ్ళేటప్పుడు ఒక్క ముక్క రాశావా? విడాకుల కాగితాలు పంపిస్తే చదివైనా చూడకుండా సంతకం పెట్టి పంపేశావు. ఒక్క ఫోన్ చేసి ఎందుకిలా అని అడిగుంటే చించేసేదాన్ని.”

“అడిగితే ఏడుస్తావనుకున్నా.”

“అడగలేదనే ఏడ్చాను.”

“నువ్వు ఆ వీడియో చూడనివ్వలేదనే మా మేనేజర్ కాళ్ళావేళ్ళా పడి ఈ పనికొచ్చాను. అడ్మిన్ అయితే ఎవరినీ అడుక్కోనక్కర్లేదు కదా అని. కంప్యూటర్లో ఓనమాలు రానివాణ్ణి, నీకు తెలుసు.”

“నువ్వు బతిమాలినందుకు కాదు నిన్ను పంపింది.”

“మరి?”

“గోదాము నుంచి నీ పేరే కావాలని నేనడిగాను.”

“నువ్వా?”

“నువ్వు బతిమాలావని నాకు తెలీదు. నేనడిగానని నీకు తెలీదు. మన కాపురమంతా ఇంతే కదా.”

“ఎందుకడిగావు?”

“ముందు నేనొకటి అడగనీ. ఎందుకు వెళ్ళిపోయావు? మామూలు జ్వరమేలే అని ఆ రోజు పాపని ఇంట్లోనే ఉంచాననా?”

“ఆ మాట నేనెప్పుడైనా అన్నానా?”

“అనలేదు. ఏమీ అనలేదు. గోడ వైపు తిరిగి పడుకునేవాడివి. నేను నీ వీపు చూస్తూ నువ్వు అననివన్నీ వినేదాన్ని.”

“జ్వరమేలే అని నేనూ అనుకున్నాను. ఇద్దరం అనుకున్నాం. డాక్టరు కూడా అలాగే అనుకున్నాడు. నీ మీద కోపం కాదు.”

“మరి?”

“పాపది నీ పోలిక. అచ్చు గుద్దినట్టు నీ పోలిక. నువ్వు అద్దం ముందు నిలబడితే పాప. ఆవలిస్తే పాప. తినేటప్పుడు తల ఇలా పక్కకి వంచితే పాప. ప్రతిసారీ ఒక్క క్షణం ఉన్నట్టే ఉండేది, మళ్ళీ పోయేది. రోజుకి ఎన్నిసార్లు పోగొట్టుకోను చెప్పు? ఇవాళ కూడా ధైర్యం చాలక ఆ తెర వైపే చూస్తూ కూర్చున్నా.”

“ఈ మాట అప్పుడే చెప్పుంటే...”

“ఏం చేసేదానివి? మొహం మార్చుకునేదానివా?”

“పక్కన కూర్చుని ఏడ్చేదాన్ని. విడివిడిగా ఏడ్చి ఏం బావుకున్నాం?”

“తెరువు.”

“కుర్చీ ఇటు లాక్కో. చప్పుడు తగ్గిస్తా, గోడలు పల్చన.”

“తగ్గించకు.”

“ముందు ఎవరో పిల్లలు డాన్సు చేస్తారు. జరుపుతా ఉండు. ఇదిగో. ఇక్కడ.”

“ఇంత చిన్నగా ఉండేదా? నా మనసులో ఇంకాస్త పొడుగైపోయింది.”

“నాకూ అంతే. విను, ఇప్పుడు పాట మొదలెడుతుంది. రెండు లైన్లు పాడి మర్చిపోతుంది. చూడు, తల దించేసుకుంది. భయపడిపోయింది, పిచ్చితల్లి.”

“భయం కాదు. చెప్పులు చూసుకుంటోంది.”

“చెప్పులా?”

“మెరుపులవి, ఆ రోజే కొన్నాను కదా. స్టేజీ ఎక్కేముందు నా చెవిలో అడిగింది, నాన్నా, అందరూ నా పాట వింటారా, నా చెప్పులు చూస్తారా అని.”

“నాకు చెప్పలేదే.”

“నీకు చెబితే పాట మీద ధ్యాస పెట్టమంటావంది.”

“అనేదాన్నే. రోజూ ఇది చూసి, అంతమందిలో భయపడితే పక్కన లేకపోయానే అని కుమిలిపోయేదాన్ని. చెప్పులు చూసుకుంటోందా? ...ఇదిగో, ఇక్కడ నవ్వుతుంది. ఇక్కడ ఆపుకుని చూస్తాను. నన్ను చూసి కాదు. నేను ఇటు పక్క కూర్చున్నా, పాప చూపు అటుంది. ఎవర్ని చూసి నవ్వుతోందో ఇన్నాళ్ళూ అంతుపట్టలేదు.”

“కెమెరా పక్కన నేనున్నా. ముక్కు మూసుకుని బుగ్గలు పూరించా.”

“నిన్ను చూసేనా నవ్వింది?”

“ఏడవకు. ఆ అమ్మాయి వచ్చేస్తుంది.”

“నిన్ను చూసి నవ్విన నవ్వుని నీకు చూపించకుండా దాచుకున్నానన్నమాట.”

“పోనీలే. ఇంకోసారి పెట్టు. ...నేను ఇంటికొచ్చేస్తాను.”

“ఓనర్ అని ఉంది చూడు, అక్కడ నొక్కు. నీ పేరు రాయి.”

“నా మాట వింటున్నావా? విడాకుల కాగితాలదేముంది, కాగితాలే కదా. ఇప్పుడు నీ మొహం చూడగలను. చూస్తున్నాను, చూడు.”

“రాశావా? సేవ్ కొట్టు. అయింది. ఇక ఈ పేజీ నీది. నా పేరు తీసెయ్.”

“నీ పేరెందుకు తీయాలి?”

“నెలాఖరుకి నేను మానేస్తున్నా. అందుకే కదా మీకు ఈ పనంతా అప్పగిస్తున్నది. ఇదొక్కటీ మాత్రం కొత్తవాళ్ళెవరి చేతిలోనూ పెట్టలేక నీ పేరడిగాను.”

“మానితే మానావు. ఒక కాపీ తీసుకెళ్దాం. ఇంట్లో కూర్చుని ఇద్దరం చూసుకుందాం.”

“నాకు కాపీ వద్దు.”

“వద్దా?”

“దగ్గరుంటే చూడకుండా ఉండలేను.”

“చూడకుండా ఎందుకుండాలి?”

తలుపు తెరుచుకుంది.

“వచ్చేశా మేడం. అన్నయ్యా, కళ్ళెర్రబడ్డాయేంటి? తెరని అంత దగ్గరగా చూడకండి, నాకూ అంతే అవుతుంది. మేడం, కింద మీకోసం ఒకాయనొచ్చారు, చిన్న పాపనెత్తుకుని. మీ పాపేనా? భలే ముద్దుగా ఉంది గానీ మీ పోలిక ఒక్కటీ రాలేదు, అంతా నాన్నే. మా అమ్మని పిలువు, మా అమ్మని పిలువు అని నా కొంగు పట్టుకుని ఒకటే లాగుడు.”

“కాసేపు కూర్చోమని చెప్పమ్మా. వస్తున్నా.”

“అలాగే మేడం. నా డ్రాయర్లో బిస్కెట్లున్నాయి, ఈలోపు ఆ పిల్లకి పెడతా.”

ఆ అమ్మాయి చెప్పుల చప్పుడు మెట్ల మీద దూరమైంది.

“ఎవరు?”

“వచ్చే నెల ఆయన్ని పెళ్ళి చేసుకుంటున్నాను. ఆ పిల్ల తల్లి పురిట్లోనే పోయింది.”

“అలాగా.”

“ఈ మాట నీకు నా నోటితోనే చెప్పాలనుకున్నా. పొద్దుటి నుంచీ నోరు రాలేదు.”

“మంచిది. మంచిది మేడం. ...మీ పేరు ఎక్కడ తీయాలో చూపించండి.”

“నన్ను మేడం అనకు.”

“ఇక్కడ నొక్కాలా?”

“ఆ. అక్కడే.”

“తీసేశాను. ...ఆ పాపలో నీకు మన పాప కనిపిస్తుందా? అందుకేనా?”

“లేదు. ఎక్కడా కనిపించదు. మొదట్లో అది అమ్మా అంటే మన పాపే పిలిచిందనుకుని చుట్టూ చూసేదాన్ని.”

“ఇప్పుడు?”

“నిన్న అది అమ్మా అంటే, మన పాప గుర్తు రాకుండానే పలికాను.”