ఖాకీ డ్రస్‌ల ఇచ్చిన మాట

నా పేరు చింతల మట్టయ్య. తండ్రి పేరు సాంబయ్య. వయసు యాభై ఆరు. ఉండేది సైదాబాద్‌ల, కిరాయి ఇల్లు. పని నటన. పోలీస్ డ్రస్‌ల ఒక ముసలామెకు మాటిచ్చిన సంగతి ఎస్సై గారు అడిగితె చెప్తున్న.

మాది యాచారం దిక్కు. ఊరి బడిల ఏడు దాక చదివిన. నాటకాలల్ల రాజు ఏషం కట్టేటోన్ని. రాత్రి రాజు, పొద్దుగాల బర్ల కాడ. ఇరవై ఏండ్ల కింద సిన్మాలకని పట్నమొచ్చిన. మీసాలు, పొట్ట చూసి పోలీస్ ఏషాలిచ్చిన్రు. సీరియళ్లల్ల పోలీసోళ్లు అంత అయిపోయినంక జీపు దిగుతరు. మాటలుండయి. దిగాలె, శవాన్ని చూడాలె, టోపీ తియ్యాలె. గిట్ల ఎందర్ని సాగనంపిన్నో.

మొన్న సోమవారం పగలు పదకొండింటికి దిల్‌సుఖ్‌నగర్‌ల ఒక ఇంట్ల షూటింగ్. లైట్లు సర్దుతుంటె డ్రస్ మీదనే గల్లీల చాయ్ తాగుతున్న. ఒక అవ్వ ఉరికొచ్చి చెయ్యి పట్టుకున్నది. పేరు బుచ్చవ్వ, ఉండేది ఎల్బీనగర్.

"సార్, మా ముసలోడు పొద్దుగాల్నుంచి కనవడ్తలేడు. మతిమరుపు మనిషి."

నేను పోలీసును కాదవ్వా అననీకె నోరు తెరిచిన. ఆమె మల్ల "సార్" అన్నది. కుర్చీ ఏపిచ్చిన. ముసలోని పేరు లచ్చయ్య, నీల గళ్ల లుంగీ, ఎడమ చెవికి పోగు. అన్ని అడిగిన. చెప్పుకుంట చెప్పుకుంట ఆమె ఏడుపు ఆపింది.

"ఇంకెక్కడికి పోకు. ఇంటికి పో అవ్వా. నేను చూస్కుంట" అన్న.

ఇరవై ఏండ్లల్ల నాకు దొరికిన పెద్ద డైలాగ్ గదే సార్. మంచిగ చెప్పిన. జర ఖరాబ్ చెప్పినా బాగుండు.

సాయంత్రం డ్రస్ ఇప్పినంక గీ స్టేషన్ మెట్ల దాక ఒచ్చిన. నువ్వెవనివి మాటియ్యనీకె అంటరని భయమై ఎన్కకు మర్లిన. దొరికే ఉంటడు లే అనుకున్న.

ఆమె ఇంట్లనే కూసున్నది. పక్కింటి స్వర్ణలత "స్టేషన్‌కు పోదాం పా" అంటె, "సారు చూస్కుంట అన్నడు" అన్నదంట. ఆఖర్కి బుధవారం స్వర్ణలతనే గుంజుకొచ్చింది. మీరు ఫోన్లు చేస్తె గంటసేపట్ల దొరికిండు. పెద్ద అంబర్‌పేట్ కాడ, రోడ్డు పక్క కాల్వల. రెండు దినాలు వాన. ఇప్పుడు దవాఖానల ఉన్నడు. ఆదివారం దాక బుచ్చవ్వను పేరు వెట్టి పిల్చెటోడంట. ఇప్పుడు ఎవలు నువ్వు అంటున్నడు.

ఆ సారెవరని ఆరా తీస్తె షూటింగ్ సంగతి తెల్సి, ఇయ్యాల నన్ను పిలిపిచ్చిన్రు. ఆమెను గూడ పిలిచి, గీయనేనా అని అడిగిన్రు.

"గీ సారే. గీయన మీద నేనేం కేసు రాయియ్య బిడ్డా. నన్ను కూసోవెట్టి ఇన్నడు."

హెడ్ కానిస్టేబుల్ "మట్టయ్యా, నీకు అవార్డియ్యాలె" అన్నడు. వేరే రోజైతె అందరికంటె ముందు నేనే నవ్వేటోన్ని.

ఆమె వద్దన్నా కేసు రాయుండ్రి సార్. నేను పోలీసునని నోటితోని చెప్పలే. కాదని గూడ చెప్పలే.

నన్నెవరు కొట్టలే, బెదిరియ్యలే. రాసింది చదివి ఇనిపిచ్చిన్రు, నేను చెప్పినట్టే ఉన్నది, అంత నిజం. ఒక్కటే అడుగుతున్న. మొగోళ్ల వార్డుల రాత్రి ఆడోళ్లను ఉండనిస్తలేరు. సంతకం అయినంక నన్ను పోనియ్యుండ్రి, లచ్చయ్య కాడ నేను కూసుంట. బుచ్చవ్వను అడిగిన, సరే అన్నది.

(సంతకం)
చింతల మట్టయ్య