ఆకుపచ్చ కారులోకి నీళ్ళు వచ్చిన దారి

శ్రీలంక, క్యాండీ జిల్లా, గలపిటియ పోలీసు స్టేషను. 2012 నవంబరు 8, ఉదయం 9 గంటల 15 నిమిషాలు. సబ్ ఇన్‌స్పెక్టర్ అబేరత్న గారు అడగ్గా చెప్పినది.

నా పేరు కుసుమావతి ఏకనాయక. వయస్సు 54 సంవత్సరాలు. గలపిటియ రైలు గేటు పక్కన మా షెడ్డు ఉంది. పాత కార్లలోకి నీళ్ళు ఎక్కణ్ణుంచి వస్తున్నాయో కనిపెట్టి ఆపడం నా వృత్తి. నా భర్త రేకు పని చేసేవాడు. ఆయన పోయాక ఇరవై రెండేళ్ళుగా షెడ్డు నేనే నడుపుతున్నాను. ఇంజను ముట్టుకోను, రంగు వెయ్యను. నీళ్ళ పని ఒక్కటే. ఈ పనిలో నాకంటే బాగా తెలిసినవాళ్ళు ఈ జిల్లాలో లేరు. గొప్పకి చెప్పడం లేదు. కొలంబో నుంచి కూడా కార్లు నా దగ్గరికే వస్తాయి.

ఈ కేసులోని ఆకుపచ్చ కారు నాకు తెలుసు. 1957 నాటి ఇంగ్లీషు కారు. యజమాని విజేతుంగ గారు, తేయాకు తోటలో పెద్ద ఉద్యోగం చేసి రిటైరయ్యారు. డ్రైవరు హీన్‌బండా, వయస్సు అరవై మూడు. ముప్ఫై ఏళ్ళుగా ఆ కారు అతని చేతిలోనే ఉంది. నన్ను చెల్లెమ్మా అంటాడు, నేను అన్నా అంటాను. నోరు కొంచెం ఎక్కువ. నా షెడ్డుకి వచ్చినప్పుడల్లా, "చెల్లెమ్మా, బావిలో నీళ్ళు లేవంటున్నారు, నువ్వొచ్చి ఆపేశావా?" అనేవాడు. చెడ్డవాడు కాదు.

ఈ సంవత్సరం ఫిబ్రవరిలో ఆ కారు నా దగ్గరికి వచ్చింది. ముందు సీట్లో ఎడమవైపు కాళ్ళ కింద పట్టా తడుస్తోందన్నారు. రెండు రోజులు చూశాను. ముందు అద్దం కింద, బయట, గాలి లోపలికి రావడానికి ఒక జాలీ ఉంటుంది. దాని కింద రేకు తొట్టి. జాలీలో పడ్డ వాన నీరు ఆ తొట్టిలోకి దిగి, ఒక రబ్బరు గొట్టం గుండా కారు కిందికి పోవాలి. ఆ తొట్టి అతుకు ఎడమవైపు విడిచింది. అక్కడ లప్పం పెట్టి మూశాను. నీళ్ళు కొట్టి చూశాను. చుక్క రాలేదు. పంపించేశాను.

అక్టోబరు 29న సాయంత్రం 4 గంటల 20 నిమిషాలకి పెద్ద వానలో, కొండ రోడ్డు రెండో మలుపు దగ్గర ఆ కారు రోడ్డు దిగి, ఉడికించిన మొక్కజొన్న కంకులు అమ్మే డింగిరి అమ్మను కొట్టింది. ఆమె ఎడమకాలు రెండు చోట్ల విరిగింది. ఇది నేను చూడలేదు, విన్నాను.

నవంబరు 5న ఉదయం విజేతుంగ గారు నా షెడ్డుకి వచ్చారు. కారు పోలీసు స్టేషను షెడ్డులో ఉందని, అది వదిలిపెట్టగానే సొట్ట తీయించి అమ్మేస్తానని, నాకు తెలిసినవాళ్ళు ఎవరైనా కొంటారా అని అడిగారు. హీన్‌బండా ఏమయ్యాడని అడిగాను. రిమాండులో ఉన్నాడన్నారు. చెయ్యి పైకెత్తి ఫోనులో మాట్లాడుతూ నడిపాడని ఆ మలుపు ఎదురు దుకాణం మనిషి చెప్పాడట. వైపర్లు ఆగిపోయాయి, అద్దంలోంచి రోడ్డు కనబడలేదని హీన్‌బండా అంటున్నాడు గాని, కారును పరీక్షించినప్పుడు వైపర్లు మూడుసార్లూ చక్కగా తిరిగాయట. ముప్ఫై ఏళ్ళు నమ్మినందుకు అబద్ధమాడాడని ఆయన బాధ.

"అయ్యగారూ, పరీక్షించినప్పుడు కారు మీద వాన పడుతోందా?" అని అడిగాను.

లేదు, షెడ్డులోనే చూశారన్నారు.

మర్నాడు, నవంబరు 6న, ఉదయం 9 గంటలకి నేనే స్టేషనుకి వచ్చాను. ఎవరూ పిలవలేదు. అరగంట టైము, ఒక నీళ్ళ పైపు, ఒక మనిషి కావాలని అబేరత్న సార్‌ను అడిగాను. రిపోర్టు రాయడం అయిపోయింది, ఇంకేం చూస్తావమ్మా అన్నారు. ఎండిన కారును చూశారు, తడిసిన కారును చూడలేదన్నాను. సార్ సరే అన్నారు.

ముందు తలుపు తీసి వాసన చూశాను. మురిగిన గోనెసంచి వాసన. పట్టా కింద చెయ్యి పెట్టాను. ఎడమవైపు పొడిగా ఉంది. కుడివైపు, డ్రైవరు కాళ్ళ కింద, ఎనిమిది రోజుల తర్వాత కూడా పిండితే నీళ్ళు కారేంత తడి. ఎడమవైపు పొడి, కుడివైపు తడి. అప్పుడే నాకు సంగతి తెలిసిపోయింది. కాని నీళ్ళు కొట్టి చూడకుండా చెప్పే అలవాటు నాకు లేదు.

పట్టాలన్నీ తీయించాను. నేల మీద పాత న్యూస్‌పేపర్లు పరిచి, అతుకుల వెంబడి పౌడరు జల్లాను. చుక్క పడితే పౌడరు మీద గీత పడుతుంది. కానిస్టేబుల్‌కి పైపు ఇచ్చి కింది నుంచి పైకి రమ్మన్నాను. పైనుంచి మొదలుపెడితే కారంతా తడిసి, ఏ నీళ్ళు ఎక్కడివో తెలియదు. ఒక్కో చోట అయిదు నిమిషాలు. నేను టార్చిలైటు పట్టుకుని డ్యాష్‌బోర్డు కింద వెల్లకిలా పడుకున్నాను. సార్‌ను డ్రైవరు సీట్లో కూర్చోమన్నాను. అద్దాలన్నీ ఎత్తించి, వైపర్లు వేయించాను.

చక్రాల దగ్గర కొట్టాడు, ఏమీ లేదు. తలుపులు, ఏమీ లేదు. ముందు అద్దం రబ్బరు, ఏమీ లేదు. 10 గంటల 48 నిమిషాలకి జాలీ మీద కొట్టమన్నాను. నాలుగో నిమిషంలో కుడివైపు మొదటి చుక్క నా చెంప మీద పడింది. తర్వాత ధార. ఆ ధార సరిగ్గా వైపరు మోటారు మీద పడుతోంది. ఆ మోటారు మూత ఎప్పుడో పగిలింది. ఏడో నిమిషంలో వైపర్లు మూలిగి, అద్దం మధ్యలో ఆగిపోయాయి.

అప్పటికి నేలంతా నీళ్ళు, లోపల ఉక్క. అద్దం లోపలివైపు ఆవిరి పట్టేసింది. సార్ కుడిచెయ్యి ఎత్తి అరచేత్తో అద్దం తుడిచారు. నేను చెప్పలేదు. ఎవరూ చెప్పలేదు. ఆయన చెయ్యి దానంతటదే లేచింది.

బయట నుంచి కానిస్టేబుల్ అన్నాడు: "సార్, ఇక్కణ్ణుంచి చూస్తే మీరు ఫోనులో మాట్లాడుతున్నట్టుంది."

సార్ చెయ్యి దించలేదు.

తర్వాత జాలీ విప్పాను. తొట్టి నిండా నీళ్ళు నిలిచి ఉన్నాయి. గొట్టం మూతి మూసుకుపోయింది. ఇనుప తీగతో లాగితే బొటనవేలంత లప్పం ముద్ద వచ్చింది. నా లప్పం. అందులో నేను గుగ్గిలం, మైనం కలుపుతాను. అలా కలిపేవాళ్ళు ఇంకెవరూ లేరు. ఫిబ్రవరిలో ఎడమ అతుకు దగ్గర అవసరానికి మించి పెట్టాను. ఏప్రిల్ ఎండలకి కరిగి జారి, గొట్టంలో గడ్డకట్టింది. నీళ్ళకి కిందికి దారి లేక తొట్టి నిండి, కుడివైపు పొర్లాయి.

ఇది ఎవరి పని అని సార్ అడిగారు. నాది అన్నాను. చెత్త అడ్డుపడిందని రాస్తే సరిపోతుంది కదా, హీన్‌బండా ఎలాగూ బయటపడతాడు అని సార్ అన్నారు. వద్దు, నాది అనే రాయండి అన్నాను. ఇంకొకటి కూడా రాయమన్నాను.

జూన్ 14న, మధ్యాహ్నం, హీన్‌బండా కారు తీసుకుని నా షెడ్డుకి వచ్చాడు. ఆ రోజు ఎగతాళి చెయ్యలేదు. "చెల్లెమ్మా, ఇప్పుడు నావైపు తడుస్తోంది, ఒకసారి చూడు" అన్నాడు. నా చేతిలో వేరే కారు ఉంది. నేను పట్టా ఎత్తి కూడా చూడలేదు. "నేను మూసిన చోట నీళ్ళు రావన్నా. అద్దం దించుకుని నిద్రపోయి ఉంటావు" అన్నాను. నేను మూసిన చోట నీళ్ళు రాలేదు, అది నిజమే. వేరే చోట వచ్చాయి. నీళ్ళు ఒక చోట ఆగితే ఇంకో చోటికి పోతాయని వచ్చినవాళ్ళందరికీ చెప్పేదాన్ని నేనే. అతను టీ కూడా తాగకుండా వెళ్ళిపోయాడు.

ఆ రోజే, నవంబరు 6నే, సార్ అనుమతితో గొట్టం మార్చాను, తొట్టి రెండు అతుకులూ గీకి పలచగా మళ్ళీ మూశాను, మోటారుకి కొత్త మూత వేశాను. సాయంత్రం 4 నుంచి 4:30 దాకా ఆపకుండా నీళ్ళు కొట్టించాం. పౌడరు మీద ఒక్క గీత పడలేదు. సార్, మొదట కారును పరీక్షించిన అధికారి ఇద్దరూ చూశారు.

నవంబరు 7న ఉదయం 11 గంటలకి, సార్ పంపిన కొత్త రిపోర్టు చూసి, కోర్టు హీన్‌బండాను బెయిలు మీద వదిలింది. నేను కోర్టు గేటు దగ్గర నిలబడ్డాను. అతని గడ్డం మాసి ఉంది. తప్పు నాదేనని చెప్పాను. "నేను నిద్రపోలేదు చెల్లెమ్మా" అన్నాడు. తెలుసన్నా అన్నాను. బస్సు దాకా కలిసి నడిచాం.

అదే రోజు మధ్యాహ్నం 2 గంటలకి ఆసుపత్రికి వెళ్ళి డింగిరి అమ్మకి కూడా అంతా చెప్పాను. కాలికి కట్టు, గోడవైపు తిరిగి పడుకుని వింది. ఆ డ్రైవరు నీకు ముందే చెప్పాడా అని అడిగింది. చెప్పాడన్నాను. నువ్వు వినలేదా అంది. వినలేదన్నాను. మళ్ళీ ఆ కారు ఆ రోడ్డు మీద తిరుగుతుందా అని అడిగింది. తిరుగుతుంది, ఎంత వానలోనైనా తిరుగుతుంది, నాది పూచీ అన్నాను.

"తిరగనీ. ఆ మలుపు దగ్గర హారన్ కొట్టమను. ఏప్రిల్‌లో కొత్త సంవత్సరం పండగ లోపు నేను మళ్ళీ అక్కడే కూర్చుంటాను" అంది.

రాసినదంతా నాకు చదివి వినిపించారు. నేను చెప్పిన మాటలే ఉన్నాయి, ఎవరి బలవంతమూ లేదు, ఒక్క మాటా కొట్టివేయనవసరం లేదు. నిజమని ఒప్పుకుని సంతకం చేస్తున్నాను.

(సంతకం) కుసుమావతి ఏకనాయక